డూప్లికేట్ తాళంచెవి

మొన్న ఉగాదినాడు మన సంఘం హాలులో పచ్చడి తీసుకుని, పులిహోర వరుసలో నిలబడి ఉన్నాను. చాలాకాలంగా ఎరిగిన ఒక పెద్దమనిషి వచ్చి, నా చెయ్యి పట్టుకుని హాలు వెనక స్తంభం చాటుకు తీసుకువెళ్లారు. అప్పు విషయమేమో అనుకున్నాను. బ్యాంకు ఉద్యోగిని కదా, అలాంటి స్తంభాలు నాకు అలవాటే. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "మీరు రోజూ సూది వేసుకుంటారట. అయినా ఆ మధ్య కెనడా వెళ్లివచ్చారట. మా అబ్బాయి రమ్మని ఒకటే పోరు. నాకు కిందటేడు నుంచి ఇన్సులిన్ పెట్టారు. విమానంలో అదంతా కుదురుతుందంటారా?" అని అడిగారు.

కుదురుతుందని చెప్పాను. అంతలో ఎవరో వచ్చారు, ఆయన చటుక్కున మాట మార్చి ఎండల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చాక చాలాసేపు ఆయన గుసగుసే చెవుల్లో మెదిలింది. ఎందుకంటే అది నాకు కొత్త గుసగుస కాదు. దాదాపు 28 ఏళ్లు నేనూ అదే గొంతుతో మాట్లాడినవాణ్ణి. అందుకే ఆయనకు స్తంభం చాటున చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి కాబట్టి, మరికొందరికీ పనికిరావచ్చు.

1996లో నాకు 26 ఏళ్లు. బి.కాం. పూర్తిచేసి, బ్యాంకులో చేరి, పావగడ దగ్గర ఒక పల్లె బ్రాంచిలో పనిచేస్తున్నాను. ఊరు కర్ణాటకలోదే గానీ కౌంటరు దగ్గర వినిపించేదంతా తెలుగే. మూడు నెలల్లో పది కిలోలు తగ్గిపోయాను. ఎంత తాగినా దాహం తీరదు, రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. బెంగళూరు వచ్చి చూపించుకుంటే, ఇది మాత్రలతో అదుపయ్యే రకం కాదనీ, ఒంట్లో ఇన్సులిన్ తయారుకావడమే ఆగిపోయిందనీ, ఇక జీవితాంతం బయటినుంచి వేసుకోవలసిందేననీ డాక్టరుగారు చెప్పారు. ఆ మాట విని మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "బయట తెలిస్తే పిల్లనెవరిస్తారు నాయనా?" అని.

పల్లెలో నా గదికి ఫ్రిజ్ లేదు. పెద్ద మట్టి తొట్టిలో ఇసుక పోసి తడిపి, దాని మధ్య చిన్న కుండ పెట్టి, ఆ కుండలో ఇన్సులిన్ సీసా ఉంచేవాణ్ణి. ఆ రోజుల్లో ఫ్రిజ్ లేనివాళ్లకు అదే ఉపాయం. ఆ కుండ మందును చల్లగా ఉంచింది, నా రహస్యాన్నీ దాచింది. 1998లో పెళ్లయింది. అమ్మ మాటే నెగ్గింది, ఆడపిల్లవాళ్లకు ఎవరమూ చెప్పలేదు. ఇరవయ్యో రోజున మా ఆవిడ కుండ కడగబోయి సీసా చూసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే వచ్చి, "అది ఎలా వెయ్యాలో నాకూ నేర్పండి" అంది. ఈ నాటికీ ఆ విషయంలో నేను తప్పు చేశాననే అంటాను. తను మాత్రం ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు.

మా అమ్మాయి 2022లో పై చదువుకు టొరంటో విశ్వవిద్యాలయానికి వెళ్లింది. దిగబెట్టడానికి రమ్మంది. బ్రాంచిలో ఆడిట్ ఉందని చెప్పి తప్పించుకున్నాను. ఆడిట్ ఉన్నమాట నిజమే. కానీ అసలు కారణం భయం. భూమికి పది కిలోమీటర్ల ఎత్తున షుగర్ పడిపోతే ఎవరిని పిలవాలి? సూదులు చూసి పోలీసులు ఆపితే ఏం చెప్పాలి? పరాయి దేశంలో మందు చెడిపోతే ఎక్కడ తేవాలి? ఈ మూడు ప్రశ్నలూ ఎవరితోనూ అనలేక ఇంట్లో కూర్చున్నాను. 2024 జూన్‌లో దాని స్నాతకోత్సవం. "ఈసారి కూడా ఆడిటేనా నాన్నా?" అని అడిగింది ఫోనులో. ఇక తప్పలేదు.

మొదటి గండం ఇంట్లోనే ఎదురైంది. ప్రయాణ బీమా ఫారం నింపుతున్నాను. పాత జబ్బులేమైనా ఉన్నాయా అని ఒక గడి. చేతికి అలవాటైపోయి 'లేదు' దగ్గర పెన్ను ఆనించాను. బి.కాం.లో మర్కంటైల్ లా చదివినవాణ్ణి. బీమా ఒప్పందం సంపూర్ణ విశ్వాసం మీద నడుస్తుందనీ, ముఖ్యమైన విషయం దాస్తే ఒప్పందమే చెల్లకపోవచ్చుననీ పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ ఫారంకేసి చూసి, "ఇంకా కుండలోనే దాస్తారా?" అంది. 'ఉంది' అని రాశాను. ప్రీమియం పెరిగింది. పెరిగితే పెరిగింది. రేపు ఆసుపత్రిలో చేరవలసివస్తే ఆ గడిలో రాసిన ఒక్క మాటే మనకు ఆధారం. పాత జబ్బు వల్ల వచ్చే అత్యవసర వైద్యానికి డబ్బు ఇస్తారా, ఇస్తే ఎంతవరకు ఇస్తారు అన్నది పాలసీ కాగితంలో చదివి మరీ తీసుకోవాలి.

ప్రయాణానికి నెల ముందే డాక్టరుగారి దగ్గరకు వెళ్లాం. ఆయన రెండు కాగితాలు ఇచ్చారు. మొదటిది లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో ఉత్తరం. నాకు ఏ జబ్బు, ఏ ఇన్సులిన్, పూటకు ఎన్ని యూనిట్లు, సిరంజీలూ రక్తపరీక్ష సూదులూ నా వెంట ఎందుకు ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి. మందుకు కంపెనీ పెట్టిన పేరుతోపాటు అసలు పేరు కూడా రాశారు. కంపెనీ పేరు దేశానికొకటి ఉంటుంది, అసలు పేరు మారదు.

రెండో కాగితం టైముల పట్టిక. బెంగళూరుకూ టొరంటోకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా. పడమటికి వెళుతుంటే రోజు సాగుతుంది. ఆ రోజుకు 24 గంటలకు బదులు 33 గంటలన్నర. తిరుగు ప్రయాణంలో రోజు కుదించుకుపోయి 14 గంటలన్నర అవుతుంది. సాగిన రోజులో ఇన్సులిన్ చాలకపోవచ్చు, కుదించుకుపోయిన రోజులో ఒకదాని మీద ఒకటి పడి ఎక్కువ కావచ్చు. ఏ పూట ఎంత వెయ్యాలన్నది వేసుకునే మందు రకాన్ని బట్టి, మనిషిని బట్టి ఉంటుంది. అందుకే నా పట్టిక ఇక్కడ అచ్చు వేయించడం లేదు, అది మీకు పనికిరాదు సరికదా ప్రమాదం. మీ పట్టిక మీ డాక్టరుగారే రాయాలి. నేను చేసింది ఒక్కటే. ఎడమ చేతికి మా నాన్నగారి హెచ్.ఎం.టి. గడియారం బెంగళూరు టైముతోనే ఉంచుకున్నాను. టొరంటో ఇంట్లో స్థిరపడేదాకా మందు లెక్క అంతా దాని ప్రకారమే చూసుకున్నాను.

ఇక సామాను లెక్క. నాకు పొద్దున 24, రాత్రి 16, వెరసి రోజుకు 40 యూనిట్లు. మన దగ్గర మామూలుగా దొరికే సీసాలో 10 మిల్లీలీటర్లు ఉంటాయి. మిల్లీలీటరుకు 40 యూనిట్ల చొప్పున సీసాకు 400. అంటే నాకు ఒక సీసా పది రోజులకు వస్తుంది. ఉండబోయేది 45 రోజులు కాబట్టి నాలుగున్నర సీసాలు. అవసరమైనదానికి రెట్టింపు పట్టుకెళ్లమన్నారు డాక్టరుగారు. తొమ్మిది సీసాలైనాయి. కెనడావాళ్లు సొంత వాడకానికి 90 రోజులకు మించని మందును వెంట తెచ్చుకోనిస్తారు. తొమ్మిది సీసాలు సరిగ్గా 90 రోజులకు సరిపోయాయి. ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినప్పటి సంతోషం కలిగింది.

వాటిని ఎలా సర్దాలన్న దగ్గర బ్యాంకు బుద్ధి అక్కరకొచ్చింది. మా స్ట్రాంగ్ రూం తాళాలకు డూప్లికేట్ జత ఒకటి ఉంటుంది. దాన్ని మా బ్రాంచిలో ఉంచుకోం, సీలు వేసి మరో బ్రాంచిలో భద్రపరుస్తాం. రెండు జతలూ ఒకేచోట ఉంటే అవి రెండైనా ఒకటే లెక్క. అలాగే ఐదు సీసాలు, సిరంజీలు, పరీక్ష మిషను, ఉత్తరం నకలు నా చేతిసంచిలో పెట్టాను. నాలుగు సీసాలు, సిరంజీలు, గ్లూకోజ్ పొడి, ఇంకో నకలు మా ఆవిడ సంచిలో. పెద్ద పెట్టెలో ఒక్క సీసా కూడా పెట్టలేదు. ఆ పెట్టె దారి తప్పవచ్చు, లేదా విమానం అడుగున చలికి మందు గడ్డకట్టవచ్చు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నోరు వెడల్పాటి థర్మాస్ ఫ్లాస్కులో చల్లటి జెల్ పొట్లం పెట్టి, అది సీసాలకు నేరుగా తగలకుండా మధ్యన తువ్వాలు చుట్టాం. మంచుకు ఆనిందంటే మందు పాడైనట్లే.

దేవనహళ్లి విమానాశ్రయంలో 2023 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ విమానాలన్నీ రెండో టెర్మినల్ నుంచే వెళుతున్నాయి. వెదుళ్లూ, వేలాడే మొక్కలూ చూసి మా ఆవిడ మురిసిపోతోంది. నాకు అవేవీ కనిపించడం లేదు. భద్రతా తనిఖీ దగ్గర సంచి తెరవమన్నారు. ద్రవాలకు 100 మిల్లీలీటర్ల నియమం ఉన్నా మందులకు మినహాయింపు ఉందని తెలుసు. అయినా చెమట పట్టింది. ఉత్తరం చాపాను. సి.ఐ.ఎస్.ఎఫ్. కుర్రవాడు అది పూర్తిగా చదవనే లేదు. సిరంజీల పెట్టె చూసి, "మా అమ్మకూ ఇదే సార్" అని హిందీలో అని సంచి మూసి ఇచ్చాడు. రెండేళ్లపాటు నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన ప్రశ్నల్లో ఒకటి అర నిమిషంలో తీరిపోయింది.

ఇక్కడితో భయం తగ్గి, జాగ్రత్త కూడా తగ్గింది. మధ్యలో ఒక ఊళ్లో విమానం మారాం. రెండో విమానంలో మాకు పక్కపక్క సీట్లు దొరకలేదు. మా ఆవిడ నాలుగు వరుసల వెనక. నా పక్కన నరసరావుపేట కుర్రవాడు, చదువుకు వెళుతున్నాడు. భోజనం బండి బయలుదేరిన చప్పుడు విని, ఆ కుర్రవాడి ఎదుట సూది తీయడానికి మొహమాటపడి, టాయిలెట్‌లోకి వెళ్లి 16 యూనిట్లు వేసుకుని వచ్చి కూర్చున్నాను. నేను వాడే ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. ఇంట్లో ఆ అరగంట మా చేతిలో ఉంటుంది. ఆకాశంలో ఎవరి చేతిలోనూ ఉండదని అప్పుడు తెలియలేదు.

పది నిమిషాలకే విమానం ఊగడం మొదలైంది. బెల్టు దీపాలు వెలిగాయి. బళ్లు వెనక్కి వెళ్లిపోయాయి, సిబ్బంది కూడా కూర్చుని బెల్టులు పెట్టుకున్నారు. అరగంట గడిచింది. నలభై నిమిషాలు. నా సంచి తలపై అరలో ఉంది. మా ఆవిడ సంచిలో గ్లూకోజ్ ఉంది, తను నాలుగు వరుసల వెనక నిద్రపోతోంది. వేళ్లు వణకడం మొదలైంది. మెడ వెనక చెమట. ఎదుటి తెర మీద అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి. లక్షణాలన్నీ నాకు కంఠతా వచ్చు. పక్కవాడికి ఒక్క మాట చెబితే చాలు. కానీ నోరు రాలేదు. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం, ఈ చిన్నవాడి ముందు ఎందుకు" అనుకుంటూ కూర్చున్నాను. ఆ ఐదు నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. షుగర్ ఇంకాస్త పడి ఉంటే చెప్పాలన్నా చెప్పే తెలివి ఉండేది కాదు.

చివరికి ఆ కుర్రవాడి చెయ్యి పట్టుకుని, "బాబూ, నాకు షుగర్. ఇన్సులిన్ వేసుకున్నాను. ఏదైనా తీపి కావాలి" అన్నాను. అతను ఒక్క క్షణం నా మొహం చూసి, పిలుపు బొత్తం నొక్కి, కాళ్ల దగ్గరి సంచిలోంచి వాళ్లమ్మ కట్టి ఇచ్చిన సున్నుండలు తీశాడు. ఒకటి నోట్లో పెట్టాడు. సున్నుండలో నెయ్యి ఉంటుంది, అది త్వరగా రక్తంలోకి ఎక్కదు. కానీ ఆ సమయంలో నాకు ధైర్యం ఇచ్చింది. ఈలోగా ఒక అమ్మాయి సీట్లు పట్టుకుంటూ వచ్చి గ్లాసుడు నారింజరసం ఇచ్చింది. సంచి దింపి మిషను తీసి చూస్తే 52. పావుగంట తర్వాత 81. అప్పుడు ఆ కుర్రవాడు అన్నాడు, "అంకుల్, ముందే చెప్పొచ్చు కదా. మా తాతకీ ఉంది, నాకు తెలుసు."

ముందే చెప్పొచ్చు కదా! మా ఆవిడ 1998లో అనాల్సిన మాట. అప్పుడు తను అనకుండా మింగింది.

టొరంటోలో మా అమ్మాయి గది చిన్నది, ఫ్రిజ్ పాతది. నేను నా ఐదు సీసాలూ లోపల వెనక గోడకు ఆనించి పెట్టాను, చల్లగా ఉంటాయి కదా అని. మా ఆవిడ తన నాలుగింటినీ తలుపు అరలో పెట్టింది. నాలుగోరోజు పొద్దున చూస్తే నా ఐదూ గడ్డకట్టాయి. కరిగించి వాడుకుందామన్నాను. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు, పారేయవలసిందే. డూప్లికేట్ తాళంచెవి విలువ ఆ పొద్దున తెలిసింది. తలుపు అరలోని నాలుగు సీసాలు 40 రోజులకు వస్తాయి. మిగిలిన రోజులు 41. క్యాష్ ఒక్కరోజు తక్కువ.

ఆ ఒక్క సీసా కోసం మా అమ్మాయి నన్ను మందుల షాపుకు తీసుకువెళ్లింది. ఒంటారియోలో ఇన్సులిన్‌ను డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతారు. అయితే అరలోంచి మనమే తీసుకోవడానికి లేదు, ఫార్మసిస్టును అడగాలి. ఆ అడగడమే నన్ను కాపాడింది. ఆమె సీసా చేతిలో పెట్టుకుని, "మీరు ఏ సిరంజి వాడతారు?" అని అడిగింది. జేబులోంచి ఎర్ర మూత సిరంజి తీసి చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సీసాను బల్లకు తన వైపే ఉంచి, లెక్క వేసి చూపించింది.

మన సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. మన ఎర్ర మూత సిరంజీలు ఆ లెక్కకే గీతలు గీసినవి. అక్కడి సీసాల్లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. మన సిరంజిలో 24 గీత దాకా తీస్తే 0.6 మిల్లీలీటరు వస్తుంది. అక్కడి సీసాలోంచి అదే 0.6 తీస్తే 60 యూనిట్లు. రాత్రి 16 బదులు 40. రెండున్నర రెట్లు! విమానంలో 16 యూనిట్లకే నా గతి ఏమైందో చూశారు కదా. ఆమె అక్కడి సీసాతోపాటు 100 గీతల సిరంజీలు కూడా ఇచ్చి, రెండు రకాలనూ ఒకే డబ్బాలో పెట్టవద్దని రెండుసార్లు చెప్పింది. మన దేశంలోనూ 100 యూనిట్ల రకం దొరుకుతుంది, వాటి సిరంజీల మూత నారింజ రంగు. పెన్నుల్లో వేసే గొట్టాలు కూడా 100 రకమే. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని చూడకుండా ఎవరూ సూది తీయకండి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు.

మరో సంగతి నవ్వుకోవడానికి. నా మిషను సింకులో పడి పాడైంది, అక్కడే కొత్తది కొన్నాం. వేలు గుచ్చి చూస్తే 7.2 అని చూపించింది. ఏడేమిటి! మనిషి బతికి ఉండగానే ఏడా? అని గ్లాసుడు పంచదార నీళ్లు కలుపుకోబోయాను. మా అమ్మాయి ఆపింది. కెనడా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో కొలత వేరు, మిల్లీమోల్ అంటారు. దాన్ని 18తో హెచ్చిస్తే మన లెక్క వస్తుంది. 7.2 అంటే సుమారు 130. విదేశీ మారకం డెస్కులో మూడేళ్లు పనిచేసినవాణ్ణి, ఈ మారకపు రేటు మాత్రం ఎవరూ చెప్పలేదు.

స్నాతకోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. గుండ్రటి హాలులో, నల్ల గౌనులో మా అమ్మాయి వేదిక మీద నడిచి వెళుతుంటే మా ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నాకు ఇంకో కారణం కూడా ఉంది. అదే విశ్వవిద్యాలయంలో 1921 వేసవిలో బాంటింగ్ అనే యువ సర్జన్, బెస్ట్ అనే విద్యార్థి కలిసి కుక్కల క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ తీశారు. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి మొదటి సూది వేశారు. మందు శుద్ధిగా లేక వికటించింది. కొలిప్ అనే శాస్త్రజ్ఞుడు రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ మొదలుపెడితే పిల్లవాడు కోలుకున్నాడు. ఇంకా 13 ఏళ్లు బతికాడు. అంతకుముందు నా రకం జబ్బు వచ్చినవాళ్లకు మిగిలేది నెలల ఆయుర్దాయమే. బాంటింగ్, బెస్ట్, కొలిప్ ముగ్గురూ పేటెంటును విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చేశారు. ఎన్నో లెడ్జర్లు చూశాను గానీ ఇంత చిన్న మొత్తానికి ఇంత పెద్ద ఆస్తి చేతులు మారిన ఎంట్రీ ఎక్కడా చూడలేదు.

తిరిగి రావడానికి వారం ముందు లండన్ వెళ్లాం. ఇంగ్లండు లండన్ అనుకునేరు. ఒంటారియోలోనే ఆ పేరుతో ఒక ఊరుంది, టొరంటోకు దాదాపు 200 కిలోమీటర్లు. బాంటింగ్ ఆ ఊళ్లో ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1920 అక్టోబరు 31 తెల్లవారుజామున రెండింటికి ఆయన నిద్రలేచి, తనకు తట్టిన ఆలోచనను కాగితం మీద రాసుకున్న పడకగది అలాగే ఉంచారు. బయట తోటలో 1989లో వెలిగించిన జ్యోతి ఒకటి ఉంది. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు దొరికిన రోజున దాన్ని ఆర్పుతారట. మన ఇళ్లలో దీపం ఆర్పడం అశుభం. ఇది ఆరిపోవాలని మొక్కుకోవలసిన దీపం. మధ్యాహ్నం భోజనం వేళైంది. తోటలో బెంచీ మీద కూర్చుని, అందరూ చూస్తుండగానే పరీక్ష చేసుకుని, తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. నన్ను ఎవరూ వింతగా చూడలేదు.

తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కగానే సిబ్బందికి చెప్పాను, నాకు ఇన్సులిన్ ఉంది, నా భార్య పక్కన కూర్చోవాలి అని. ఎవరినో బతిమాలి సీటు మార్పించారు. గ్లూకోజ్ పొట్లాలు చొక్కా జేబులో పెట్టుకున్నాను, నెత్తి మీద అరలో కాదు. మందు ఎప్పుడు వేసుకోవాలన్న సంగతి బయలుదేరే ముందే డాక్టరుగారిని ఫోనులో అడిగాను. భోజనం పళ్లెం ఎదుట పెట్టాక వేసుకోమన్నారు, ఆలస్యం వల్ల షుగర్ కాస్త పెరిగినా పరవాలేదు, ఆకాశంలో పడిపోకూడదని. సీట్లోనే కూర్చుని వేసుకున్నాను. పక్కవాళ్లకు ముందే చెప్పాను. పక్కావిడ తల ఊపి, తన పుస్తకం చదువుకుంది.

ఇవికాక చిన్న సంగతులు కొన్ని. విమానంలో గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయాలి. కొత్త బూట్లు ప్రయాణానికి వేసుకోకూడదు, కాలికి బొబ్బ వస్తే మనకు మానడం ఆలస్యం. మందులు వాటి అట్టపెట్టెలతోనే, బిల్లుతోనే పెట్టుకోవాలి. చేతికి అంటించుకునే సెన్సార్లు, పంపులు వాడేవాళ్లు వాటిని స్కానర్ గుండా పంపవచ్చో లేదో ఆ కంపెనీ సూచనలు ముందే చూసుకోవాలి. విమానంవాళ్లు మధుమేహ భోజనం అని ఒకటి ఇస్తారు, అందులో పిండిపదార్థం మరీ తక్కువ ఉండవచ్చు కాబట్టి మన డబ్బాలో చపాతీలో బిస్కెట్లో ఉండనే ఉండాలి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త మాత్రం మందు సంచిలో పట్టేది కాదు. మన జబ్బు సంగతి, మన మందు లెక్క, షుగర్ పడిపోతే ఏం చెయ్యాలన్నది మనకొక్కరికే తెలిస్తే అది ఒకే జత తాళాలున్న స్ట్రాంగ్ రూం. మనం స్పృహ తప్పితే తెరిచేవాళ్లుండరు. డూప్లికేట్ జత భార్యకో భర్తకో, పిల్లలకో, ఆ పూటకు పక్క సీటులో కూర్చున్నవాళ్లకో ఇచ్చి ఉంచాలి.

నా డాక్టరుగారు ఇచ్చిన ఉత్తరం నకలు, పేరూ మోతాదులూ కొట్టేసి, కావలసినవాళ్లకు నమూనాగా ఇస్తాను. వచ్చే సమావేశానికి వెంట తెస్తాను. అడగాలనుకున్నవాళ్లు స్తంభం చాటుకు పిలవనక్కరలేదు. పులిహోర వరుసలో నిలబడే అడగండి. అందరికీ శుభప్రయాణం.